తొలి మాసములలో నడుమునొప్పి

(మన సంఘపు మహిళా సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలో మాటలాడవలసినదని కార్యవర్గము వారు కోరినప్పుడు విషయమును మా ఇష్టమునకే విడిచిరి. గర్భిణుల ఆహారమును గూర్చియు, కాన్పును గూర్చియు, బాలింత పథ్యమును గూర్చియు ఇట్టి వేదికలపై ఎందరో చెప్పియున్నారు. అందుచేత ఎవరును అంతగా పట్టించుకొనని ఒక బాధను మేము ఎంచుకొంటిమి. నెల తప్పిన పిమ్మట మొదటి 3 మాసములలో వచ్చు నడుమునొప్పి అది. పురుషులు కూడ కొందరు వచ్చి వెనుక బల్లలపై కూర్చుండుట మాకు సంతోషము. బిందె ఎవరు ఎత్తవలెనను ప్రసంగము కొంతసేపటికి వచ్చును. అప్పుడు వారు లేచిపోకుందురు గాక.

మన ఇండ్లలో ఒక అలవాటు కలదు. మూడవ నెల వెళ్ళువరకు కడుపుతో ఉన్న సంగతి బయట పెట్టరు. దృష్టి తగులునని కొందరందురు, నిలుచునో నిలువదో యని కొందరందురు. ఈ అలవాటును మేము ఎగతాళి చేయము. తెలియవచ్చిన గర్భములలో నూటికి 10 మొదలు 20 వరకు నిలువకపోవుట, అందును అధికభాగము తొలి మాసములలోనే పోవుట వైద్యులెరిగిన విషయమే. ఆ దుఃఖమును ఊరందరికి చెప్పుకొనవలసిన అవస్థ తప్పించుటకే పెద్దలు ఈ కట్టుబాటు పెట్టియుందురు. కాని దానివలన జరుగునదేమి? ఆ పిల్ల ఎప్పటివలెనే బిందె చంకకెత్తును. ఎప్పటివలెనే వంగి ఇల్లూడ్చును. నడుము నొచ్చినచో మందుల దుకాణమునకు పోయి నొప్పిమాత్ర కొనును. ఆమె గర్భిణి యని దుకాణదారునకు తెలియదు. ఎముకల వైద్యునికడకు పోయినచో ఆయన ఎక్స్‌రే తీయింపుమనును. నెల తప్పినదా యని అక్కడ అడిగినను, పక్కన ఇరుగుపొరుగు వారుండుటచేత ఆమె తల అడ్డముగా త్రిప్పును. లోకమునకు చెప్పకుండుట వేరు, వైద్యునకు చెప్పకుండుట వేరు. మొదటి దానిని మీ ఇష్టమునకు విడిచెదము. రెండవ దానిని విడువలేము.

కడుపు ఇంకను కనబడనే లేదు గదా, నడుమేల నొచ్చును అని అత్తగార్లు అడుగుచుందురు. న్యాయమైన ప్రశ్నయే. ఈ తొలి నొప్పి బరువు వలన వచ్చునది కాదు. సుమారు 12 వారముల వరకు గర్భాశయము కటి ఎముకల నడుమనే ఇమిడియుండును. అయితే గర్భము నిలిచిన కొలది దినములకే అండాశయము నుండి రిలాక్సిన్ అను స్రావము రక్తములో హెచ్చును. తొలి 3 మాసముల చివరకు అది మిక్కిలి హెచ్చుగా నుండును. ప్రొజెస్టెరాన్ అను మరియొక స్రావము దానికి తోడగును. ఎముకను ఎముకతో కట్టియుంచు పట్టీలు వీనివలన కొంత సడలును. పట్టీలు సడలినప్పుడు వాని పని కండరములపై పడును. కండరములు అలసి నొచ్చును. రిలాక్సిన్ ఎంత హెచ్చుగా నున్నచో నొప్పి అంత హెచ్చుగా నుండునని మాత్రము అనుకొనరాదు, పరిశోధనలలో ఆ లెక్క కుదురలేదు. గర్భిణులలో సగము మందికి పైగా ఎప్పుడో ఒకప్పుడు నడుమునొప్పిని ఎరుగుదురు; ఎక్కువ మందికది అయిదవ నెల దాటిన తరువాత వచ్చును. ముందటి కాన్పులో నడుము నొచ్చినవారికిని, పెండ్లికి ముందునుండియే నడుము పట్టుచుండిన వారికిని తొలి నెలలలోనే వచ్చుట కలదు. ఇంకొక కారణము చెప్పుటకు సిగ్గుపడుదురు గాని అది సామాన్యమైనది. ప్రొజెస్టెరాన్ ప్రేవుల కదలికను మందగింపజేయును. మలబద్ధకముతో నడుము బరువెక్కును. అట్టివారికి నీరు, ఆకుకూరలు, పొట్టు తీయని ధాన్యము చేయు మేలు ఏ తైలమును చేయలేదు.

ఇక మేము ముఖ్యముగా చెప్పదలచిన మాటకు వచ్చెదము.

మన భాషలో బాధకు ఎన్ని మాటలున్నవో చూడుడు. లాగుచున్నది, పీకుచున్నది, సలుపుచున్నది, పట్టుకొన్నది, పోటు వచ్చుచున్నది, మండుచున్నది, తిమ్మిరెక్కినది. ఇవి యన్నియు ఒకటి కావు. రోజంతయు నిలుచుండి పనిచేసిన సాయంకాలము నడుము లాగి, పండుకొనగానే తగ్గునది కండరముల అలసట. ఉదయము లేవబోవగా పట్టుకొని, నాలుగడుగులు వేసిన పిదప విడుచునది కీళ్ళ పట్టు. పిరుదు మొదలు తొడ వెనుకగా పిక్కవరకు జలదరించుచు దిగునది నరము ఒత్తుకొనుట కావచ్చును. డొక్కలో ఒక పక్కన పోటు, దానితో చలిజ్వరము, మూత్రము పోయునప్పుడు మంట ఉన్నచో అది నడుమునొప్పియే కాదు, మూత్రపిండములకు సోకిన వ్యాధి. తెరలు తెరలుగా వచ్చి పొత్తికడుపునకు దిగునది వేరొక జాతి. చదువురాని ముసలమ్మ కూడ ఈ భేదములను తెలుగులో ఒక్క మాటతో చెప్పగలదు. వైద్యునకు కావలసినదియు ఆ భేదమే.

కాని మనము చెప్పవలసిన చోట తెలుగు లేదు. కన్నడములో సొంటనోవు, తమిళములో ఇడుప్పువలి, మరాఠీలో కంబరదుఖీ, ఒడియాలో అంటాబింధా అను మాట నొకదానిని మనవారు నేర్చుకొందురు. దానితో పని జరిగినదనుకొందురు. పైన చెప్పిన ఏడు మాటలును ఆ ఒక్కమాటలో మునిగిపోవును. చీటిపై 'నడుమునొప్పి' అని వ్రాయబడును. అందరికిని ఒకే మందు వచ్చును. తమిళదేశములో ఇంకొక చిక్కు కలదు. అక్కడి ఇల్లాండ్రు ఇడుప్పువలి యను మాటను నడుమునొప్పికిని వాడుదురు, పురిటినొప్పులకును వాడుదురు. మనకు మాత్రము? 'నొప్పి' అన్నచో ఒకటి, 'నొప్పులు' అన్నచో వేరొకటి. రెండు భాషల మధ్య ఒక బహువచనము జారిపోయిన ఎంత గందరగోళము! యానాము వారు ఈ విషయమున అదృష్టవంతులు, వారికి ఆసుపత్రిలోను తెలుగే.

దీనికి మించిన కష్టమొకటి కలదు, దానిని చూచి మేము చాల బాధపడితిమి. తల్లికి రాష్ట్రభాష రాదు. బడికి పోవు కొడుకునకు వచ్చును. వానినే దుబాసిగా వెంటబెట్టుకొని ఆమె వచ్చును. నడుము నొచ్చుచున్నదని వానిచేత చెప్పించును. రక్తము కనబడిన సంగతి 10 సంవత్సరముల బాలుని నోట ఎట్లు చెప్పించును? చెప్పింపదు. నడుమునొప్పికి మందు తీసికొని ఇంటికి పోవును. ఇది ఆమె తప్పుగా మేమెంచము. రాష్ట్రభాష వచ్చిన స్త్రీలు మన సంఘములో వీధికి ఇద్దరైన నున్నారు. అట్టివారు తొలి పరీక్షకు తోడుగా పోవుట మనకు సాధ్యము కాని పనియా?

తోడు దొరకనివారు ఒక చిన్న కాగితము దగ్గర నుంచుకొనవలెను. కడపటి ముట్టు మొదలైన తేదీని దానిపై అంకెలలో వ్రాసికొనవలెను. వైద్యులు నెలలను లెక్కించునది ఆ తేదీ నుండియే. అంకెలను ఏ రాష్ట్రము వారైనను చదువగలరు. నొప్పి ఎక్కడ ఉన్నదో మాటతో గాక చేతితో చూపవలెను: నడుము నడుమనా, పక్కనా, డొక్కలోనా, పొత్తికడుపులోనా? ఎన్ని దినములనుండియో వ్రేళ్ళతో చూపవచ్చును. ఇక రక్తమను మాట మనకు రక్తము, కన్నడిగులకును మరాఠీలకును ఒడియాలకును రక్త, తమిళులకు రత్తం. ఇన్ని భాషలు విడిపోయినను ఆ మాట విడిపోలేదు. భాష రాదను సంకోచముతో ఆ ఒక్క మాటను దాచవలసిన పనిలేదు. కర్ణాటకములో తాయి కార్డు, ఇతర రాష్ట్రములలో తల్లీబిడ్డల రక్షణకార్డు ఇత్తురు. 12 వారములలోపుననే పేరు నమోదు చేయించుకొనుట మేలు; తేదీలు, పరీక్షలు అందులో ఎక్కినచో ఏ ఊరి వైద్యుడైనను చూచి గ్రహించును.

ఏ నొప్పికి వెంటనే పోవలెను? రక్తస్రావముతో కూడి తెరలుగా వచ్చు నొప్పికి పోవలెను. పొత్తికడుపులో ఒక పక్కన తీవ్రముగా నొచ్చి, కండ్లు చీకట్లు కమ్మి, భుజము కొనయందు కూడ బాధ కలిగినచో క్షణమైనను ఆలస్యము చేయరాదు. గర్భము గర్భాశయములో గాక అండనాళములో నిలిచినప్పుడు ఇట్లు జరుగును. నాళము పగిలినచో లోపలనే రక్తము పోవును, బయట కనబడునది కొంచెమే కావచ్చును. స్కానింగు ఇంకను జరుగని తొలి వారములలో ఈ జాగ్రత్త మరియు ముఖ్యము. చలిజ్వరముతో డొక్కపోటు వచ్చినచో ఆ దినముననే పోవలెను. కాళ్ళలో పట్టు తప్పినను, తొడల నడుమ స్పర్శ తెలియకున్నను, మూత్రము స్వాధీనము తప్పినను ఉపేక్షింపరాదు. 108 అను సంఖ్య మనవారుండు ఈ రాష్ట్రములన్నింట పనిచేయుచున్నది.

ఇంత చెప్పితిమని భయపడవలదు. తొలి మాసములలో సుమారు నలుగురిలో ఒకరికి ఎంతో కొంత రక్తము కనబడును. వారిలో సగము మందికి పైగా గర్భము నిలుచును. నిలువనప్పుడు కూడ ఒక మాట చెప్పవలసియున్నది. బిందె ఎత్తినది గనుక పోయినది, మెట్లెక్కినది గనుక పోయినదని కోడలిని ఆడిపోసికొనుట మన ఇండ్లలో ఇంకను పోలేదు. తొలి మాసములలో పోవు గర్భములలో సుమారు సగమునకు పిండము యొక్క క్రోమోజోములలోని లోపమే కారణము. సామాన్యమైన ఇంటిపని అందుకు కారణము కాదు. బరువులు తగ్గింపుమని మేము చెప్పునది నడుమును కాపాడుటకే.

అట్లని మంచమెక్కి కదలకుండ పడియుండుమని చెప్పు పెద్దలతో మేము ఏకీభవింపము. వైద్యుడు ప్రత్యేకముగా చెప్పిననే తప్ప పడక నడుమును మరింత బలహీనపరచును. పని చేసినకొలది కాన్పు సుఖమగునని మొదటి నెలనుండి చాకిరి చేయించువారితోను ఏకీభవింపము. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ప్రకటించిన గర్భిణీ సంరక్షణ సూచనలలో నడుమునొప్పి రాకుండుటకు గర్భకాలమంతయు క్రమమైన వ్యాయామము చేయుమని చెప్పబడినది. ప్రొద్దున అరగంట నడక చాలును. గోడకు వీపు ఆనించి నిలుచుండి, నడుము వంపును మెల్లగా గోడకు అదుముట, విడుచుట పదిసార్లు చేయవచ్చును. మోకాళ్ళపైన, అరచేతులపైన నిలిచి పిల్లివలె వీపును పైకెత్తి మరల సమము చేయుట కూడ మంచిది. ఊపిరి బిగబట్టరాదు. నొప్పి హెచ్చినచో మానవలెను.

ఇప్పుడు బిందె. మదరాసు వీధి కుళాయియొద్ద గాని, మరియొకచోట గాని నీళ్ళు తెచ్చు స్త్రీని చూడుడు. బిందె ఒక తుంటిపై నుండును, దేహమంతయు రెండవ వైపునకు ఒరుగును. పట్టీలు సడలిన నడుమునకు ఇంతకంటె హానికరమైన భంగిమ లేదు. పెద్ద బిందెకు బదులు రెండు చిన్న పాత్రలను రెండు చేతులతో తెచ్చుట మేలు. ఇంటి పురుషులు తెచ్చుట అంతకంటె మేలు. వెనుక బల్లల వారు వినుచున్నారని తలచెదము. ఏ బరువునైనను నడుము వంచి ఎత్తరాదు. మోకాళ్ళు వంచి, వస్తువును దేహమునకు దగ్గరగా తీసికొని లేవవలెను. పెద్దబిడ్డను తుంటిపై వేసికొని తిరుగుటకును ఇదే న్యాయము. కూర్చుండి ఒడిలోనికి తీసికొనవచ్చును. పొట్టి చీపురును పక్కన పెట్టి పొడుగు కర్ర తగిలించిన చీపురు కొనుడు. దాని వెలతో ఒక పూట ఆటోకిరాయి కూడ రాదు. ముగ్గు చిన్నదైనను లక్ష్మీదేవి అలుగదు.

మంచముపైనుండి ఒక్కసారిగా లేవక, పక్కకు తిరిగి, కాళ్ళు క్రిందికి దించి, చేతితో ఊని లేవవలెను. ఈ తొలి నెలలలో ఏ వైపున పండుకొనినను హాని లేదు. పక్కకు తిరిగి మోకాళ్ళ నడుమ దిండు పెట్టుకొనినచో నడుమునకు హాయిగా నుండును. వేడినీటి సంచిని గుడ్డలో చుట్టి నడుమున 10, 15 నిమిషములు కాచుకొనవచ్చును. ఒళ్ళంతయు వేడెక్కు మిక్కిలి వేడినీళ్ళ స్నానము, ఆవిరిగది మాత్రము కూడవు. తొలి వారములలో తల్లి దేహతాపము మిక్కిలి పెరుగుట పిండమునకు మంచిది కాదు. నడుమునకు నూనె రాచి మెల్లగా మర్దించుటలో దోషము లేదు. పొత్తికడుపును తోమించుట, తొక్కించుట ఎన్నడును పనికిరావు. నడుమునొప్పి చికిత్సాలయములలో విద్యుత్తుతో లోతుగా వేడి పుట్టించు యంత్రములుండును, అవి గర్భిణులకు కూడవు. ముందుగానే సంగతి చెప్పవలెను.

మాత్రల విషయము. మందుల దుకాణములలో నడుమునొప్పికని తరచుగా ఇచ్చునవి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, లేక పారాసిటమాల్‌తో అసిక్లోఫెనాక్ కలిపిన మాత్రలు. ఈ జాతి మందులను 20 వారములు దాటిన గర్భిణులు వాడరాదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020 అక్టోబరులో హెచ్చరించినది. తొలి మాసములలో వీనివలన గర్భము నిలువకపోవునా యను అనుమానము ఇంకను తీరలేదు. అందుచేత వైద్యుని ఆజ్ఞ లేక ఎప్పుడును ముట్టరాదు. పారాసిటమాల్ కావలసివచ్చినను వైద్యుని అడిగి, చాలినంత తక్కువ మోతాదులో, తక్కువ దినములే వాడవలెను. అయితే రక్తపోటు నివారణకని వైద్యులే చిన్న మోతాదులో ఆస్పిరిన్ వ్రాసియున్నచో ఈ ప్రసంగము విని దానిని మానరాదు.

ఊరినుండి తెప్పించిన భస్మములు, గుళికలు మంచివేయని నమ్మువారికి ఒక సంగతి. న్యూయార్కు నగరములో 2011, 2012 సంవత్సరములలో ఆరుగురు గర్భిణుల రక్తమున సీసము హెచ్చుగా కనబడగా, వారు మన దేశమునుండి వచ్చిన ఆయుర్వేద మాత్రలు వాడుచుండిరని తేలినది. ఆయుర్వేదమును నిందించుటకు దీనిని చెప్పుట లేదు. పేరు, కూర్పు తెలియని పొట్లములను గూర్చియే చెప్పుచున్నాము. నడుమునొప్పి సున్నపు పదార్థము తక్కువై వచ్చినదని తామే కాల్షియము కొని మ్రింగువారు కూడ కలరు. సడలిన పట్టీలు దానితో బిగువు కావు. తొలి 3 మాసములలో ఇచ్చు ఫోలిక్ ఆమ్లపు మాత్రను మాత్రము మానరాదు. సాధారణముగా నాలుగవ నెలనుండి ఇచ్చు ఇనుపమాత్రలతో మలబద్ధకము హెచ్చినచో, మాత్రలు మానుటకు బదులు ఆ సంగతిని వైద్యునకు చెప్పవలెను.

కూలికి పోవు మనవారిని మరచి ఈ ప్రసంగమును ముగింపలేము. షోలాపురములో మన తెలుగు స్త్రీలు ఎందరో ఇంటనే బీడీలు చుట్టుదురు. ఒడిలో చేట, మెడ వంగి, వీపు గూనియై, వేయి బీడీల లెక్క తీరువరకు కదలరు. వారికి 'విశ్రాంతి తీసికొనుడు' అని చెప్పుట సులభము. లెక్క తగ్గినచో కూలి తగ్గును. అందుచేత సాధ్యమైనదే చెప్పుచున్నాము. గోడకు వీపు ఆనించి, నడుము వెనుక మడిచిన దుప్పటి పెట్టుకొని కూర్చుండవలెను. చేటను ఒడిలో గాక పీటపై నుంచుకొనవలెను. అరగంట కొకసారి లేచి గదిలో నాలుగడుగులు వేయవలెను. పొగాకు ధూళి వలనను, చేతుల చర్మము గుండను నికోటిన్ దేహములో చేరును. అది బిడ్డకు హానికరము గనుక, వీలున్న ఇండ్లలో ఈ నెలలలోనైన ఆ పనిని మరియొకరు చేయవలెను. బరంపురములో మగ్గములయొద్ద కండెలు చుట్టువారికిని కూర్చుండు పద్ధతి ఇదియే.

చెన్నపట్టణములోని వస్త్రదుకాణములలో దినమంతయు నిలుచుండు మన పిల్లలకు చట్టము కొంత తోడ్పడుచున్నది. 2021లో తమిళనాడు శాసనసభ దుకాణముల చట్టమును సవరించి, పనివారందరికిని కూర్చుండుటకు ఆసనములు ఏర్పరుపవలెనని విధించినది. ఆసనము గోడపక్కన ఉండియు, కూర్చుండిన వారిని చూచి యజమాని కనుబొమ్మలు ముడుచుచున్నచో చట్టముతో ఏమి ప్రయోజనము? అట్టిచోట వైద్యుని చీటిని చూపి అడుగుట మంచిది. నిలువక తప్పనప్పుడు ఒక పాదమును చిన్న పీటపై మార్చి మార్చి పెట్టుకొనినచో నడుముపై భారము తగ్గును. ఎత్తుమడమల చెప్పులు వలదు.

పై జాగ్రత్తలతో చాలమందికి ఈ తొలి నొప్పి సహింపదగినంతగా తగ్గును. వేవిళ్ళు తగ్గి నాలుగవ నెల వచ్చుసరికి కొందరికది పూర్తిగ మరపునకు వచ్చును. అయిదు, ఆరు నెలలలో కడుపు ముందుకు వచ్చి నడుము వంపు మారినప్పుడు మరల రావచ్చును గాని, ఆ నొప్పికి కారణము వేరు, ఉపాయములు కొన్ని వేరు. వానిని గూర్చి మరియొక సమావేశమున చెప్పుకొందము. ఇప్పుడు కడపటి ముట్టు తేదీ వ్రాసికొనుటకు కాగితములు, పెన్సిళ్ళు ద్వారముయొద్ద బల్లపై ఉంచితిమి. తోడుగా వచ్చుటకు ఇష్టపడు స్త్రీలు తమ పేరు, తమకు వచ్చిన భాష అక్కడనే వ్రాయింప ప్రార్థన.